పెరుగు మిషన్ కొన్నా, ఎండలు రాగానే అటకెక్కింది

మా ఇంట్లో నలుగురం, రోజుకు అర కేజీ పెరుగు పడుతుంది, రాగి సంగటి చేసిన రోజైతే మజ్జిగకని ఇంకాస్త ఎక్కువే. డిసెంబర్‌లో ఒకరోజు కూర్చుని లెక్కేస్తే పెరుగు ప్యాకెట్లకే నెలకు 1,140 రూపాయలు పోతోంది. ఆ మంటలో అదే రాత్రి ఆన్‌లైన్‌లో కరెంటు పెరుగు మిషన్ బుక్ చేసేశా, 1,350 అయింది. కంపెనీ పేరు వద్దులెండి, ఈ రకంవి అన్నీ ఒకేలా కనిపించాయి నాకు: ప్లాస్టిక్ డబ్బా, లోపల స్టీలు గిన్నె, కింద చిన్న హీటరు, పైన మూత.

మొదటి వారం పరువు పోయింది. ప్యాకెట్ పాలు ఎలాగూ పాశ్చరైజ్ చేసినవే కదా, మళ్లీ కాచడం ఎందుకని గోరువెచ్చగా చేసి తోడేసేశా. పొద్దున చూస్తే పెరుగు తోడుకుంది కానీ గరిటె పెడితే జారిపోతోంది. కాచేది క్రిములు చావడానికి మాత్రమే కాదట, పాలు బాగా కాగితే అందులోని ప్రొటీన్లు ఒకదానికొకటి పట్టుకుని పెరుగు గట్టిపడుతుంది. తర్వాత నుంచి పొంగు వచ్చాక కూడా సన్నటి మంట మీద పది నిమిషాలు ఉంచి, 40-45 డిగ్రీలకు చల్లారనిచ్చి తోడేస్తున్నా. థర్మామీటర్ ఏమీ లేదు, వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే చాలు. చురుక్కుమంటే ఆగాలి, మరీ వేడి పాలలో వేస్తే తోడు చచ్చిపోతుంది.

అలా చేశాక మాత్రం జనవరిలో మిషన్ బాగా పనిచేసింది, ఒప్పుకోవాలి. కర్నూల్లో ఆ నెల రాత్రిళ్లు 20 డిగ్రీల లోపుకు దిగుతుంది, మామూలు గిన్నెలో తోడేస్తే తెల్లారేసరికి సగం పాలే. ఇందులో ఏడు గంటలకు చెంచాతో కోస్తే అంచు నిలబడేంత గట్టిగా వచ్చింది. కరెంటు భయం కూడా లేదు, 15 వాట్లది కాబట్టి ఎనిమిది గంటలు పెట్టినా 0.12 యూనిట్, రూపాయి కూడా కాదు.

చిరాకు పెట్టేది మూత. లోపల ఆవిరి పట్టి, తీయగానే చుక్కలన్నీ టపటపా పెరుగు మీదే రాలతాయి, మీగడ మీద చిన్న చిన్న గుంటలు పడి అందులో నీళ్లు నిలుస్తాయి. మూత కింద పల్చటి నూలుగుడ్డ కట్టడం మొదలుపెట్టాక ఆ గొడవ తీరింది, కానీ ఇంత డబ్బు పోసి కొన్నదానికి గుడ్డ కట్టుకోవడం ఏంటో.

అసలు కథ ఏప్రిల్‌లో. దీనికి టైమర్ లేదు, తానంతట తాను ఆగదు. బయట 42 డిగ్రీలు, వంటింట్లో ఇంకో ఉక్క, లోపల హీటరు. పొద్దున లేచేసరికి పెరుగు నోట్లో పెట్టుకోలేనంత పులిసి, పైన పచ్చటి నీరు తేలింది. పత్తికొండ నుంచి వచ్చిన మా అమ్మ చూసి, "కర్నూలు ఎండకు పాలు తోడుకోడానికి మిషనెందుకురా, బీరువా మీద పెట్టినా తోడుకుంటాయి కదా" అంది. మర్నాడు తనే ఒక మట్టి ముంత కొనుక్కొచ్చి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, అందులో తోడేసింది. 80 రూపాయల ముంత. నాలుగు గంటల్లో పెరుగు రెడీ, నీరంతా మట్టి లాగేసుకుని ముద్దలా ఉంది. అప్పటి నుంచి మిషన్ అటక మీదే.

డబ్బు సంగతికొస్తే, ఇంట్లో చేస్తే సగానికి సగం మిగులుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మా వీధి కొట్లో అర కేజీ పెరుగు ప్యాకెట్ 38, అర లీటరు టోన్డ్ పాలు 29. అర లీటరు పాలకు దాదాపు అర కేజీ పెరుగు వస్తుంది. రోజుకు 9 మిగిలితే నెలకు 270, అందులో గ్యాస్ తీసేస్తే 240 అనుకోండి. ప్యాకెట్ పెరుగు మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వేశారు, పాల ప్యాకెట్ మీద లేదు, తేడాలో కొంత అదే. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే, మీగడ పెద్దగా రాదు. 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ తెస్తే పెరుగు అదిరిపోతుంది కానీ అర లీటరు 37, అంటే మిగిలేది ఏమీ లేదు, మీగడ దాచి నెయ్యి కాచుకుంటే తప్ప.

ఈ 240 పెరుగు వల్ల మిగిలేది, మిషన్ వల్ల కాదు. మిషన్ నిజంగా అవసరమయ్యేది చలికాలం మూడు నెలలే, ఆ లెక్కన దాని ఖరీదు రావడానికి రెండు చలికాలాలు పడుతుంది, అప్పటిదాకా హీటరు బతికుంటే. ఆ మూడు నెలలకు కూడా హాట్‌బాక్స్‌లో పెట్టి దుప్పటి చుడితే పనైపోతుందని అమ్మ అంటోంది, వచ్చే డిసెంబర్‌లో చూడాలి. ఐదుకు రెండు స్టార్లు ఇస్తున్నా, రెండూ జనవరికే.