తప్పు ఆప్షన్లకూ వివరణ ఇచ్చే నర్సింగ్ ప్రశ్నల యాప్: చాన్నాళ్లు వాడాక

ఎన్ని వేల ప్రశ్నలున్నాయి, టైమర్ ఉందా లేదా, స్కోరు గ్రాఫ్ ఎలా కనిపిస్తుంది, ఇవన్నీ డౌన్‌లోడ్ పేజీలోనే ఉంటాయి. వాటి జోలికి పోను. డ్యూటీ అయ్యాక చాలా నెలలుగా ఈ యాప్ వాడుతున్నాను. ఇంకా తీసేయకపోవడానికి కారణం ఒక్కటే. సరైన జవాబు చెప్పి ఊరుకోకుండా, మిగతా మూడు ఆప్షన్లూ ఎందుకు కావో కూడా రాస్తారు.

"ముందు అసెస్‌మెంట్, తర్వాతే ఇంటర్వెన్షన్", అంటే ముందు పేషెంట్‌ని పరిశీలించి ఆ తర్వాతే ఏదైనా చేయాలని, నర్సులందరికీ నూరిపోశారు కదా. ఆప్షన్లలో "పరిశీలించాలి", "చెక్ చేయాలి" అని ఉన్నదానికి కళ్లు మూసుకుని టిక్ పెట్టడం అలవాటైపోతుంది. ఈ యాప్ ఆ అలవాటునే పట్టుకుంటుంది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే పేషెంట్‌కి చలి, వణుకు, నడుము నొప్పి వచ్చాయి, నర్సు మొదట ఏం చేయాలి? ఆప్షన్లు ఇవి: వైటల్స్ (బీపీ, నాడి లాంటివి) చూడటం, డాక్టర్‌కి ఫోన్ చేయడం, పారాసెటమాల్ ఇవ్వడం, ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపడం. వైటల్స్ ఎందుకు కాదో రాసిన తీరు నాకు బాగా నచ్చింది. లక్షణాలు ప్రశ్నలోనే ఉన్నాయి, అంటే అసెస్‌మెంట్ అయిపోయినట్టే. బీపీ చూస్తూ కూర్చుంటే ఆ కాసేపూ సరిపడని రక్తం లోపలికి పోతూనే ఉంటుంది. ముందు ఆపాలి, కొత్త ట్యూబింగ్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ (నరంలోకి పెట్టిన దారి) మూసుకుపోకుండా కాపాడుకోవాలి, ఆ తర్వాతే మిగతావి. పాత ట్యూబింగ్‌లోనే సెలైన్ వదిలితే అందులో మిగిలిన రక్తం కూడా పోతుందని కూడా రాశారు.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న. ఆపరేషన్ అయిన పేషెంట్ "నొప్పిగా ఉంది" అంటాడు, అంతే. ఇక్కడ ఇంజెక్షన్ ఇవ్వడం తప్పు. ఎక్కడ, ఎంత, ఎలాంటి నొప్పి అని అడగడమే జవాబు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టినవాళ్లకు వార్డు తెలుసు.

అయితే అన్ని విభాగాలూ వాళ్లే రాసినట్టు లేవు. పొట్ట పరీక్షలో తట్టడం, నొక్కడం కంటే ముందు స్టెతస్కోప్‌తో ఎందుకు వినాలో చక్కగా చెప్పిన యాప్, బెడ్‌సోర్స్ (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండ్లు) దగ్గరికొచ్చేసరికి ఎముక మీద ఎర్రబడిన చర్మాన్ని మసాజ్ చేయమంటుంది! లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుందని అది ఎప్పుడో వద్దన్నారు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) సరిగ్గా పడిందో లేదో గాలి పంపి వింటే చాలని ఇంకోచోట ఉంది. ఎక్స్‌రే గానీ, బయటికి లాగిన ద్రవం పీహెచ్ (ఎంత ఆమ్లంగా ఉందో) గానీ ఆప్షన్లలో ఉన్నా వాటిని తప్పన్నారు. ఎందుకు తప్పో మూడు వాక్యాల వివరణ కూడా! రిపోర్ట్ చేస్తే థాంక్స్ అని మెసేజ్ వచ్చింది, ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నేను రోజూ పేషెంట్ల మధ్య ఉంటాను కాబట్టి ఇలాంటివి కంటికి ఆనతాయి. ఇంకా క్లినికల్స్ (వార్డులో శిక్షణ) మొదలుకాని స్టూడెంట్‌కి ఇది ఒక్కటే చాలని చెప్పలేను, పక్కన కొత్త ఎడిషన్ టెక్స్ట్‌బుక్ ఉండాలి. అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసేవాళ్లకైతే ఇంకో ఇబ్బంది. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరీక్షలో కేస్ స్టడీలు (ఒకే పేషెంట్ మీద వరస ప్రశ్నలు) వచ్చాయి, ఇందులో అలాంటివి బాగా తక్కువ. ముందు ఏం చేయాలో అడిగే ప్రయారిటీ ప్రశ్నల కోసం నేను మళ్లీ రెన్యూ చేస్తానేమో. బెడ్‌సోర్స్ విభాగం మాత్రం తెరవను.