స్లైడ్-అవుట్ కావాలా: రెండు అద్దె క్యాంపర్లలో మా అనుభవం

పడకలు, వంటగది ఉండే ప్రయాణపు బండి, అంటే క్యాంపర్, కొనాలని నిశ్చయించుకున్న తరువాత కూడా, గోడలో ఒక భాగం బయటికి జరిగి గదిని వెడల్పు చేసే స్లైడ్-అవుట్ మనకు అవసరమా అన్న ప్రశ్న ఇంట్లో తెగలేదు. అందుకని రెండు సెలవులకు రెండు బండ్లు అద్దెకు తీసుకున్నాము. మొదటిదానికి స్లైడ్-అవుట్ ఉంది, రెండోదానికి లేదు.

మొదటి బండిని ఒక సరస్సు ఒడ్డున నిలిపి మూడు రాత్రులు కదలకుండా ఉన్నాము. బండిని సమతలంగా నిలిపి మీట నొక్కగానే, సోఫా, భోజనాల బల్ల ఉన్న గోడ ముప్పావు మీటరు దాకా బయటికి జరిగింది. రోడ్డు మీద నడిచే బండి వెడల్పుకు యూరప్‌లో 2.55 మీటర్లు, అమెరికాలో దాదాపు 2.6 మీటర్లు హద్దు కనుక, అంతకు మించిన చోటు ఆగిన తరువాతే దొరుకుతుంది. రెండో రోజంతా వాన. నేను పొయ్యి దగ్గర ఉండగానే అమ్మ నన్ను తప్పుకోమనకుండా నా వెనక నుంచి నడిచి వెళ్లింది, పిల్లలిద్దరూ నేల మీద బొమ్మలు పరుచుకున్నారు. ఆ రోజు అడిగి ఉంటే, స్లైడ్-అవుట్ లేని బండి వద్దనే చెప్పేదాన్ని.

బయలుదేరే ఉదయం, రాత్రి గాలికి రాలిన ఆకులు, పుల్లలు స్లైడ్-అవుట్ కప్పు మీద తడిసి అంటుకుపోయి ఉన్నాయి. వాటితోనే లోపలికి లాగితే రబ్బరు సీలు చిరిగి నీరు దిగవచ్చు కాబట్టి, నిచ్చెన వేసుకుని ఊడ్చి, తుడిచిన తరువాతే మీట నొక్కాము. అయినా సోఫా అంచున అరచేయంత తడి మరక కనిపించింది; ఆ సీలు అప్పటికే ఒక మూల గట్టిపడి పగిలి ఉంది.

అసలు ఇబ్బంది దారిలో ఎదురైంది. గోడ లోపలికి వచ్చాక సోఫా బాత్‌రూం తలుపుకు అడ్డం పడింది. మధ్యలో ఆగినచోట పక్క కారు చేయి చాపితే అందేంత దగ్గరగా ఉండటంతో స్లైడ్-అవుట్ తెరిచే వీలు లేదు. మోకాళ్ల నొప్పితో ఉన్న అమ్మ సోఫా ఎక్కి దాటలేక, తరువాతి మజిలీ దాకా ఓర్చుకుంది. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండో బండిలో దాదాపు ప్రతి రాత్రీ ఊరు మారాము. చీకటి పడ్డాక చెట్ల మధ్య ఇరుకు స్థలంలోకి చేరినా, విద్యుత్ స్తంభం ఏ పక్కన ఉందో, గోడకు చోటు చాలుతుందో లేదో చూడవలసిన పని లేకపోయింది. ఆ యంత్రాంగం బరువు లేనందువల్ల నీళ్లకూ సామానుకూ మిగిలే బరువు పరిమితి కూడా ఎక్కువే. అయితే వాన పడిన సాయంత్రం ఒకరు వంట చేస్తుంటే మిగతా వారంతా మంచం మీదే కూర్చోవలసి వచ్చింది, పిల్లలు కాసేపటికే విసిగిపోయారు.

మా ప్రయాణాలు ఎక్కువగా రెండో తరహావే కాబట్టి స్లైడ్-అవుట్ లేనిదే తీసుకుంటున్నాము. ఒకేచోట వారాల తరబడి ఉండే మా అక్కకు మాత్రం స్లైడ్-అవుట్ ఉన్నదే మంచిదని చెప్పాను. కొనే ముందు దాన్ని మూయించి, బాత్‌రూం, ఫ్రిజ్ తలుపులు తెరుచుకుంటాయో లేదో చూడమనీ, మోటారు మొరాయిస్తే చేత్తో లోపలికి తిప్పే పిడి ఎక్కడుందో అక్కడే అడిగి తెలుసుకోమనీ అన్నాను.