పత్రరంధ్రాల లెక్కకు ఫోల్డ్‌స్కోప్: ఎంతవరకు పనికొస్తుంది?

మర్రి, రావి, రబ్బరు మొక్క మూడూ ఫైకస్ ప్రజాతివే. వీటిలో ఏ ఆకు ఎంత నీరు వదులుతుందో పోల్చాలనుకునేవారికి ఫోల్డ్‌స్కోప్ సగం దారి చూపిస్తుంది. ఆ సగం మాత్రం చాలా బాగా చూపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఈ మడత కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు పెద్దది చేస్తుంది, 2 మైక్రాన్ల వివరం దాకా తెలుస్తుంది. ఆకు నీటి ఆవిరిని వదిలే సన్నని రంధ్రాలే పత్రరంధ్రాలు; ఒక్కోదానికి ఇరువైపులా ఉండే రక్షక కణాల జంటను గుర్తుపట్టడానికి అది చాలు.

ఆకును నేరుగా పెడితే లాభం లేదు, దళసరి ఆకులోంచి వెలుతురు రాదు. అచ్చు తీయాల్సిందే. ఫైకస్‌లలో రంధ్రాలు చాలావరకు అడుగువైపే ఉంటాయి కాబట్టి అక్కడ, నడిమి ఈనెకూ అంచుకూ మధ్య, రంగులేని గోళ్ల పాలిష్ పలచగా ఒక్క పూత వేయండి. 10 నిమిషాలు ఆరాక పారదర్శక టేపు అంటించి, మెల్లగా లాగి స్లైడుకు అతికించండి. పూత మందమైతే బుడగలొస్తాయి. ఆకు తడిగా ఉంటే అచ్చు తెల్లగా మసకబారుతుంది. లేత మర్రాకు నూగు మీదే పాలిష్ ఆగిపోతుంది, అందుకే ముదురాకు కోయండి. ఎండ తగిలే ఆకును ఎండ తగిలే ఆకుతోనే పోల్చాలి. ఒకే చెట్టులో నీడాకుకు రంధ్రాలు పలచగా ఉంటాయి, రెండూ కలిపితే జాతుల మధ్య తేడా తెలియదు.

చేత్తో పట్టుకుంటే ఫోకస్ కదిలిపోతుంది. అయస్కాంతంతో ఫోన్‌కు తగిలించి ఫొటో తీసి, ఆ ఫొటోలో లెక్కపెట్టడమే మేలు. ఆకుకు కనీసం 5 చోట్ల చూడండి.

అసలు చిక్కు రబ్బరు మొక్కతో. దాని రంధ్రాలు గుంటల్లో దిగబడి ఉంటాయి, అచ్చులో పడేది గుంట నోరే. ఆ గుంటలో నిలిచిన తేమగాలి వల్ల ఆవిరి బయటికి పోవడం నెమ్మదిస్తుంది, పైగా అవభాసిని (ఆకు మీది మైనపు పొర, క్యూటికల్) మందం. లెక్కలో ఈ రెండూ కనబడవు. రావాకు పొడవాటి తొడిమ మీద చిరుగాలికే ఊగుతుంది, దాంతో ఆకును అంటిపెట్టుకున్న నిశ్చలమైన గాలిపొర పలచబడుతుంది. అచ్చుకు అదీ అందదు.

అందుకే తోడుగా 0.01 గ్రాముల త్రాసు ఉండాలి. కోసిన తొడిమ చివర వాజెలిన్ రాసి, గ్రాఫ్ కాగితంపై ఆకు వైశాల్యం గీసి, ఫ్యాన్ లేని గదిలో 30 నిమిషాలకోసారి తూచండి. మొదట బరువు వేగంగా పడుతుంది, రంధ్రాలు మూసుకున్నాక నెమ్మదిస్తుంది. ఆ తర్వాతి తగ్గుదల ప్రధానంగా అవభాసిని గుండా పోయే నీరు. తగ్గిన బరువును వైశాల్యంతో భాగించాకే మూడు ఆకులనూ పక్కపక్కన పెట్టండి.