దేశవాళీ పూల విత్తనాల పొట్లం: కావలి పెరట్లో రెండేళ్ల అనుభవం

నెల్లూరు శివారులోని ఒక నర్సరీలో, తేనెటీగలను, సీతాకోకచిలుకలను రప్పించే దేశవాళీ పూలంటూ అమ్ముతున్న విత్తనాల పొట్లాన్ని రెండేళ్ల కిందట సెప్టెంబరులో 180 రూపాయలకు కొని, కావలిలోని మా పెరటి ఇసుక నేలలో చల్లాను. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కనుక, తొలకరికి తొందరపడకుండా అప్పటిదాకా ఆగడం మేలయింది.

అందులో అన్నిటికన్నా ముందు పూసింది జనుము. నెల్లూరు రైతులు పచ్చిరొట్టగా వేసి పూత దశలోనే కలియదున్నేస్తారు కాబట్టి, దాని పసుపు పూలు చివరిదాకా నిలవడం మనం చూసేది తక్కువ. పెరట్లో నిలిచిన ఆ పూలకు తుమ్మెదలతో పాటు, గులాబీ ఆకుల అంచులను గుండ్రంగా కత్తిరించుకుపోయే ఒంటరి తేనెటీగలు కూడా వచ్చాయి. తుమ్మి తెల్లపూల మీద చిన్న తేనెటీగలు ఉదయమంతా వాలేవి.

తంగేడు పూయడానికి రెండో ఏడు పట్టింది, కాని నా దృష్టిలో పొట్లం ధరంతా దానిదే. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, ఉన్నదల్లా పుప్పొడే. అది కూడా కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండా మాత్రమే బయటికి వస్తుంది. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను అదిరించినప్పుడు ఝుమ్మన్న మోతతో పుప్పొడి దాని ఒంటి మీద రాలుతుంది. తేనెపట్టు కట్టే తేనెటీగకు ఈ విద్య రాదు. ఆ మోత వినడం కోసమే నేను పొద్దున్నే పెరట్లో నిలబడిన రోజులు చాలా ఉన్నాయి.

అయితే పొట్లం మీద రాసిన సమాచారం ఏమాత్రం చాలదు. తంగేడు గింజ పెంకు గట్టిది. కాచి దించిన నీళ్లలో రాత్రంతా నానబెట్టాలన్న ఒక్క మాట లేకపోవడంతో మొదట చల్లిన గింజల్లో చాలా వరకు మొలకెత్తలేదు. జిల్లేడు ఆకులు తిని పెరిగే సీతాకోకచిలుక ఉందని రాశారు, అది నిజమే. కాని జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమన్న హెచ్చరిక లేదు. పిల్లలున్న ఇంటికి అమ్మే వస్తువు విషయంలో ఇది క్షమించదగిన లోపం కాదు.

అంతకన్నా పెద్ద ఆక్షేపణ బంతి విత్తనాల గురించి. బంతి మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన మొక్క, దేశవాళీ కాదు. పైగా వీటిలో మొలిచింది ముద్దబంతి. రేకులు కిక్కిరిసిన ఆ పువ్వులో తేనెటీగకు దొరికేది స్వల్పం. ఆ విత్తనాలకు గులాబీ రంగు పూత ఉంది, అది ఏ మందని అడిగితే దుకాణంలో ఎవరూ చెప్పలేకపోయారు. విత్తనశుద్ధికి వాడే ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు మొక్కంతటా వ్యాపించి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి. తేనెటీగల పేరు చెప్పి అమ్మే పొట్లంలో ఈ ప్రశ్నకు జవాబు ఉండి తీరాలి.

కొనేవారు పెరట్లో ఎండిన వెదురు గడో, పాత కర్ర దుంగో ఒకటి ఉంచాలి, ఎందుకంటే తుమ్మెద గూడు తొలుచుకునేది అటువంటి వాటిలోనే. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద కనిపించే గొంగళిపురుగులకు మందు కొట్టడం కూడా మానాలి, వాటిలో చాలా వరకు సీతాకోకచిలుకలుగా మారేవే. ఈ సెప్టెంబరులో నేను అదే నర్సరీ నుంచి రెండో పొట్లం తెచ్చుకున్నాను. బంతి విత్తనాలను ఏరి వేరు చేసి, మిగిలినవి మాత్రమే చల్లాను.