తేడా లెక్కా, ఊరి గడియారమా, క్యాలెండరా? డాలస్, దుబాయ్ వేళలకు ఏది మేలు?

మార్చిలో ఒక మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు మా మేనల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. డాలస్‌లోని ఒక సంస్థ ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ పెట్టింది. అక్కడి పది అంటే హనుమకొండలో రాత్రి తొమ్మిదిన్నర. జనవరిలో తొలి విడత ఇంటర్వ్యూ ఆ లెక్క ప్రకారమే జరిగింది. ఈసారి తెర మీద ఎవరూ లేరు. మెయిల్ తెరిచి చూస్తే ఎనిమిది యాభైకే కబురు వచ్చి ఉంది: ఇరవై నిమిషాలు చూశాం, మీరు రాలేదు. రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపారు. దాంతో అక్కడి పది మనకు ఎనిమిదిన్నర అయింది.

"మామయ్యా, నేను లెక్క తప్పలేదు కదా" అన్నాడు. నిజమే, కూడికలో తప్పు లేదు. గుర్తుపెట్టుకున్న తేడాయే మారిపోయింది.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో దూరదేశాల వేళల విషయం పట్టించుకోవడం మొదలైంది. తేడాను నోటికి పట్టుకోవడం, ఫోనులో ఆ ఊరి గడియారం పెట్టుకోవడం, క్యాలెండరులో ఆహ్వానం పంపడం అనే మూడు పద్ధతులూ వాడి చూశాం. మూడూ పనికొచ్చేవే కానీ, ఏ దేశానికి ఏది అన్నది తెలియకపోతే మూడూ దెబ్బతీస్తాయి.

గల్ఫ్ సంగతి వేరు. అక్కడికి నోటి లెక్కే మేలు అని నేను ధైర్యంగా చెబుతాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఈ లెక్క రాని ఇల్లాలు ఉండదు. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనుక. దుబాయ్‌లో మనిషి రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగితే ఇక్కడ పదిన్నర, రియాద్‌లో దిగితే పదకొండున్నర. ఆ దేశాల్లో ఎండాకాలమైనా చలికాలమైనా గడియారాన్ని కదపరు, మనమూ కదపం. రెండు వైపులా కదలని చోట ఒకసారి నేర్చుకున్న అంకె ఏళ్ల తరబడి చెల్లుతుంది.

ఆ అరగంట ఎక్కడిదని పిల్లలు అడుగుతుంటారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశానికి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర వస్తుంది, అంటే సున్నా రేఖాంశం వెళ్లే లండన్‌లోని గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. 1906 జనవరి 1 నుంచి ఇదే భారత కాలమానం. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరగా, ఆంధ్రలో కాకినాడ దగ్గరగా వెళుతుంది. వరంగల్ దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సగటున మధ్యాహ్నం పన్నెండు దాటిన పన్నెండు నిమిషాలకు గాని సూర్యుడు మన నడినెత్తికి రాడు. గ్రీనిచ్‌కు దుబాయ్ నాలుగు గంటలు ముందు కనుక మనకూ దానికీ గంటన్నర తేడా.

అమెరికాకు మాత్రం నోటి లెక్కను నమ్మవద్దని బతిమాలుతాను. 2007 నుంచి అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతోంది. డాలస్‌కూ మనకూ వేసవి వేళల్లో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. న్యూజెర్సీకి తొమ్మిదిన్నర, పదిన్నర. కాలిఫోర్నియాకు పన్నెండున్నర, పదమూడున్నర. అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప మిగతా చోట్ల గడియారం జరపరు. ఇన్ని అంకెలు నోటికి వచ్చినా, ఇవాళ ఏది అమల్లో ఉందో చెప్పేది తారీఖే.

అయినా వేళ్ల మీద లెక్క కావలసిన సందర్భాలు వస్తాయి. డాలస్‌కు మా ఇంట్లో వాడేది ఇది: మన వేళలో రాత్రిని పగలు చేసి, లేదా పగటిని రాత్రి చేసి, వేసవిలో గంటన్నర, చలికాలంలో అరగంట కలపాలి. ఇక్కడ రాత్రి ఎనిమిది అయితే అక్కడ వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడున్న మనవాళ్లు లేచారో లేదో చూసుకోవడానికి ఇది చాలు, ఇంటర్వ్యూకు చాలదు.

రెండో పద్ధతి ఫోనులోని ప్రపంచ గడియారం. అందులో డాలస్ అని ఊరి పేరు పెట్టాలి, మూడక్షరాల పొట్టి పేర్లు వద్దు. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతపు వేళా కావచ్చు, చైనా వేళా కావచ్చు. ఐఎస్‌టీ అని మనం రాస్తే మనదే అనుకుంటాం కానీ ఇజ్రాయెల్, ఐర్లండ్ వాళ్లకూ అదే పొట్టి పేరు ఉంది. పైగా సీఎస్‌టీ చలికాలపు వేళకు పేరు, జులైలో కూడా అలవాటుగా అదే రాసేవారున్నారు. ఊరి పేరు పెడితే ఆ ఊళ్లో ఇవాళ ఏ వేళ నడుస్తోందో ఫోనే చూసుకుంటుంది. పెద్దవాళ్లకు ఇంతకంటే సుఖమైనది లేదు. మా అక్కయ్య ఫోను చేసే ముందు ఆ గడియారం వైపు ఒక్కసారి చూస్తుంది, అంతే.

దీని లోపం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ గడియారం చెప్పేది ఈ క్షణపు వేళ. ఫిబ్రవరి చివరలో దాన్ని చూసి మార్చి పదో తేదీకి లెక్క వేస్తే మా వాడికి జరిగిందే మళ్లీ జరుగుతుంది. ముందు రోజుల పనికి తారీఖు అడిగి లెక్క చెప్పే సాధనమే కావాలి.

ఆ పని క్యాలెండర్ చేస్తుంది. తారీఖు, వేళ, ఏ ఊరి కాలమానమో ఎంచుకుని ఆహ్వానం పంపితే ఎవరి ఫోనులో వారి వేళ కనిపిస్తుంది. ఒక్కసారి జరిగే పనికి ఇదే అన్నిటికంటే మేలు. వారం వారం జరిగే పనికి మాత్రం ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి: ఎవరి గడియారం కదలకూడదు? అక్కయ్య తన మనవరాలికి తెలుగు నేర్పుతుంది. మనకు ఆదివారం ఉదయం ఏడు, డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఆహ్వానాన్ని డాలస్ వేళకు కట్టి పెడితే నవంబరు నుంచి పాఠం ఇక్కడ ఎనిమిదింటికి వస్తుంది. వరంగల్ వేళకు కడితే అక్కడ ఏడున్నరకు మారుతుంది, అది పాప భోజనం వేళ. పసిపిల్ల దినచర్యను కదపడం కంటే అక్కయ్య గంట ఆలస్యంగా కూర్చోవడం సులువు కనుక డాలస్‌కే కట్టాం. ఇక్కడి డాక్టరుతో మాట్లాడే వేళ అయితే వరంగల్‌కు కట్టాలి, ఎందుకంటే ఓపీ వేళ డాలస్ కోసం మారదు.

లండన్ కూడా కలిస్తే చిక్కు పెరుగుతుంది. ఐరోపాలో గడియారం మార్చేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. 2026లో అమెరికాది మార్చి 8న, బ్రిటన్‌ది మార్చి 29న. ఆ మూడు వారాలూ వాళ్లిద్దరి మధ్య తేడాయే మారి ఉంటుంది. మూడు దేశాల వాళ్లు కలిసి చేసే పనుల్లో యూటీసీ, అంటే ప్రపంచమంతా కొలతగా వాడే ప్రామాణిక వేళ, రాసుకోవడం మంచిది, దానికి ఋతువులు లేవు.

ఈ మూడు పద్ధతులకూ లొంగనిది పెళ్లి ముహూర్తం. శుభలేఖలో "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, 3 గంటల 12 నిమిషాలకు" అని ఉందనుకోండి. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారంలో తారీఖు అర్ధరాత్రి మారుతుంది. శుభలేఖ చదివే వరంగల్ మనిషికి సందేహమే రాదు. డాలస్‌లో పెరిగిన పిల్ల శుక్రవారం, 3:12 అనే రెండు ముక్కలే క్యాలెండరులో వేసుకుంటే సరిగ్గా ఒక రోజు ముందు తెర ముందు కూర్చుంటుంది. ఆ ముహూర్తం గడియారం ప్రకారం శనివారం తెల్లవారుజాము. ఫిబ్రవరి పెళ్లి అయితే డాలస్‌లో శుక్రవారం మధ్యాహ్నం 3:42. దూరాన ఉన్నవారికి పంపే కబురులో రెండు ఊళ్ల పేర్లూ, రెండు వారాలూ, రెండు తారీఖులూ అక్షరాలా రాయాలి. తాంబూలాలు అందుకోలేని వాళ్లకు కనీసం తలంబ్రాలు చూసే భాగ్యమైనా దక్కాలి కదా.

తిథుల విషయంలో ఇంకో మాట. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, దాన్ని తేడా తీసివేసి వాడుకోవచ్చు. రాహుకాలం అలా కాదు, అది ఆయా ఊరి సూర్యోదయ సూర్యాస్తమయాల మీద ఆధారపడుతుంది. ఉదయించే వేళకు ఉన్న తిథి కూడా ఊరిని బట్టి మారవచ్చు, అందుకే కొన్ని పండుగలు అక్కడ వేరే తారీఖున వస్తాయి. డాలస్‌లో గృహప్రవేశానికి ఇక్కడి పంచాంగపు రాహుకాలంలోంచి పదిన్నర గంటలు తీసేయడం తప్పు. ఆ ఊరికి గణించిన పంచాంగమే చూడాలి.

మా వాడు ఆ రాత్రే క్షమాపణ చెబుతూ మెయిల్ రాశాడు. వాళ్లు మరో అవకాశం ఇచ్చారు. ఈసారి జవాబులో "గురువారం, డాలస్ ఉదయం 10 గంటలు, వరంగల్ రాత్రి 8:30, ఇదే కదా?" అని అడిగాడు. అవునని వచ్చాకే పడుకున్నాడు. మా గోడ క్యాలెండరులో 2026 నవంబరు 1 చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం గీసి ఉంది. పక్కన అక్కయ్య రాత: "వచ్చే వారం నుంచి పాఠం ఎనిమిదింటికి."