హనుమకొండలో ‘యేసు ఎవరు?’ క్లాసు: రెండు వందలకు ఏం దక్కుతుంది?

హనుమకొండలో ఒక చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదింటి దాకా నడిచే క్లాసు ఇది. ఎనిమిది వారాలు, జిరాక్సు నోట్సుకు రెండు వందలు. కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకు రాకున్నా నడుస్తుంది గానీ పాత తెలుగు బైబిలు చేతిలో ఉండాల్సిందే. ఫోన్లో వాడుకభాష అనువాదం పెట్టుకుని కూర్చుంటే సగం చర్చ అందదు. మెలికంతా ఆ పాత మాటల్లోనే ఉంది.

మొదటి రెండు వారాలు పరిచయం, ఓ మోస్తరు. మూడో వారం యేసు తుపానును ఆపిన ఘట్టం, మార్కు 4:35–41, చేతికిచ్చి, మనిషి చేసే పని కింద నీలం గీత, దేవుడికే చెల్లే పని కింద ఎర్ర గీత గీయమంటారు. దోనెలో తలగడ మీద నిద్ర నీలం. గాలిని గద్దించడం ఎరుపు. ఆ తర్వాత క్లాసు చెప్పే అయ్యగారు అడిగేది ఒక్కటే: "నిద్రపోయింది ఎవరు, గద్దించింది ఎవరు?" పేజీలో రంగులు రెండున్నా కర్త ఒక్కడే. 451లో కల్కెదోనులో కూడిన సంఘ పెద్దల సభ పట్టుబట్టింది దీని మీదే: ఒకే వ్యక్తి, దైవం, మానవం అని రెండు స్వభావాలు, అవి కలిసిపోవు, మారిపోవు, చీలిపోవు, విడిపోవు. ఈ నాలుగూ ముందే బట్టీ పట్టిస్తే ఎవరికీ ఎక్కవు. గీతలు గీశాక చెబితే వెంటనే ఎక్కుతాయి.

నాలుగో వారం యేసును సర్వసృష్టికి ‘ఆదిసంభూతుడు’ అనే మాట (కొలొస్సయులకు 1:15). మొదట పుట్టినవాడంటే మొదట సృష్టించబడినవాడేగా అని హాల్లో ఎవరో ఒకరు అడగక మానరు. కుమారుడూ సృష్టించబడినవాడేనన్న పాతకాలపు బోధకుడు అరియసు వాదం అటే పోయింది, 325లో నీకయలో కూడిన సంఘ పెద్దల సభ దాన్ని తోసిపుచ్చింది. నోట్సులో జవాబు బాగుంది: కీర్తన 89:27 దావీదును జ్యేష్ఠకుమారుడిగా చేస్తానంటుంది. దావీదేమో యెష్షయి కొడుకుల్లో కడగొట్టువాడు. అంటే ఆ మాట హోదాను చెబుతోంది, పుట్టిన వరుసను కాదు. పైగా కొలొస్సయులకు 1లోనే 16వ వచనం సర్వమూ ఆయనయందే సృజింపబడిందని చెబుతుంటే ఆయన్ను సృష్టి లెక్కలో ఎట్లా కలుపుతాం?

‘అవతారం’ అనే మాట మీద గంటన్నర పెట్టడం కూడా సబబే. మన దగ్గర ఆ మాట వినగానే వచ్చి, పని ముగించి, రూపం వదిలి వెళ్లడమే తడుతుంది. యోహాను 1:14లో యేసును గురించి చెప్పిన ‘శరీరధారి’ అట్లా కాదు. వచ్చింది ఒక్కసారే, పునరుత్థానం తర్వాత కూడా ఆ మనిషితనం వదల్లేదు. లూకా 24లో తిరిగి లేచిన యేసు కాల్చిన చేప ముక్క తిన్నది అందుకే అక్కడ చదివిస్తారు.

తప్పులూ ఉన్నాయి. త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకే దేవుడన్నదానికి, నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ ఇంకా వాడుతున్నారు. ఒకే దేవుడు మూడు వేషాలు మారుస్తాడన్న సబెల్లియసు అనే పాత బోధకుడి తప్పు దగ్గరికే అది నేరుగా తీసుకెళ్తుంది. యేసు బాప్తిస్మమప్పుడు యొర్దాను నదిలో కుమారుడు ఉండగానే ఆత్మ దిగింది, తండ్రి స్వరం వినిపించింది. ఒక్క చెంబు నీళ్లు మొత్తానికి మొత్తం ఒకే క్షణాన మంచూ ఆవిరీ కాలేవు.

ఇంతకన్నా పెద్ద లోపం ఏడో వారంలో. ఆయన ఎవరో ఆరు వారాలు చెప్పి, ఆయన మరణం మనకెందుకు పనికొస్తుందో ఒక్క రోజులో తోసేస్తారు. క్రయధనం (విడిపించడానికి చెల్లించే వెల), శాంతికరం (పాపానికి పరిహారం), కరుణాధారం (దేవుని కరుణ దొరికే చోటు) మూడూ ఒకే పూట! రోమా 3:25లో ‘కరుణాధారము’, హెబ్రీ 9:5లో ‘కరుణాపీఠము’ అని తెలుగులో రెండు మాటలున్నా గ్రీకులో మాట ఒక్కటే, ఇశ్రాయేలీయుల పరిశుద్ధ పెట్టె అయిన నిబంధన మందసం మీది మూత పేరు. లేవీయకాండం 16 పక్కన పెట్టుకుని చదివిస్తే ఆ మూత మీద బలి రక్తం చిలకరించడానికీ సిలువకూ ముడి కనిపించేది. నోట్సులో ఆ ఊసే లేదు. చేరేవాళ్లు ఆ అధ్యాయం ఇంట్లోనే చదివి వెళ్లడం మేలు.

ప్రశ్నలు ఐదున్నర దాటినా తెగవు. పరకాల, ములుగు బస్సులు అందుకోవాల్సినవాళ్లు తలుపు దగ్గర కూర్చోండి. రెండు రంగుల పెన్నులు వెంట తీసుకెళ్లండి, అక్కడ ఇవ్వరు.