జమ్మలమడుగు దగ్గర డంగు సున్నం శిక్షణ: పని బాగానే నేర్పుతారు, ఆగడమే నేర్పరు

ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నమే డంగు సున్నం. దానితో గార పని నేర్పే మూడు రోజుల శిక్షణ ఇది. పాత మిద్దెకు గార చేయించుకోవాలనుకునేవాళ్లకీ, సిమెంటు పని తెలిసిన మేస్త్రీలకీ పనికొస్తుంది. సర్టిఫికెట్ కోసమే అయితే అంత దూరం పోవద్దు.

మొదటి రోజు పని నిఖార్సుగా ఉంది. తొట్టిలో ముందు నీళ్లు, కాల్చిన సున్నపురాయి తర్వాతే. రాయి మీద నీళ్లు పోస్తే సలసల మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు అందరికీ ఇచ్చారు. రాయికి మూడింతల నీళ్లు పట్టించి, సన్న జల్లెడలో వడగట్టించారు. తడవని పలుకు మిగిలితే గోడ మీద ఎప్పుడో తడిసి ఉబ్బి, పైపూతను పొక్కులా ఎగదన్నుతుంది.

గానుగ మోటారుది, ఫర్వాలేదు. అడుగు పూతకు సున్నం ముద్ద ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు. పైపూతకు ఒకటికి రెండు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లకు మాత్రం కొలత లేదు, చేతికొచ్చినంత పోశారు. బెల్లం ఎక్కువైతే గార త్వరగా గట్టిపడదు, పైగా చీమలు.

అసలు లోపం తొందర. తడిపిన సున్నాన్ని మర్నాడే వాడేశారు. నీళ్ల కింద కనీసం మూడు వారాలు మగ్గితేనే ముద్ద జిగురుగా సాగుతుంది, నెలలైతే మరీ మంచిది. ఆపైన మిట్టమధ్యాహ్నం ఎండ గోడకు అంగుళం మందం ఒకేసారి కొట్టించారు. సాయంత్రానికే బీటలు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయి కావాలంటే తేమ ఉండాలి. ముందే ఆరిపోతే గీకగానే పిండిలా రాలుతుంది. గోడను ముందురోజే తడిపి, పూతకు 10 మి.మీ. మించకుండా వేసి, కనీసం వారం తడి గోనెపట్టలు కప్పాలి. ఆ మాటే ఎత్తలేదు.

పాత నమూనా గోడను చెక్కి, పచ్చి సున్నం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చుక్కలు వేసి చూపించడం మాత్రం మెచ్చుకోవాలి. పైభాగం రంగు మారలేదు, లోపల గులాబీ. రంగు వచ్చినంత మేరా ఇంకా రాయిగా మారని పచ్చి సున్నమే. ఇది కళ్లారా చూస్తే ఏ మేస్త్రీ తొందరపడడు.

చివరి పూట గండికోటలో ధాన్యాగారం, జామా మసీదు చుట్టూ తిప్పారు. గార ఎక్కడ నిలిచింది, ఎక్కడ రాలింది, ఎందుకు అన్నది చెప్పకుండా ఫొటోలతో సరిపెట్టారు.

చేరేవాళ్లు చలికాలం బ్యాచ్ చూసుకోండి. మగ్గిన ముద్ద సిద్ధంగా ఉందో లేదో ఫీజు కట్టకముందే అడగండి.